మరిగించినా పోనివి: వంటింట్లో చేయవలసినవి, చేయకూడనివి

“ఒక్కసారి మరిగిస్తే అన్నీ చచ్చిపోతాయి” అన్నది మన వంటిళ్లలో పాతుకుపోయిన నమ్మకం. నిన్నటి పప్పు కాస్త తేడాగా అనిపిస్తే పొయ్యి మీద పెట్టి తెర్లించేస్తాం. మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని రాత్రికి పోపు వేసి వేయించేస్తాం. పాలు ఎక్కడివైనా సరే, పొంగితే చాలనుకుంటాం. ఈ నమ్మకంలో సగం నిజం ఉంది. ఆ సగం తరతరాలుగా ఎన్నో ప్రాణాలు కాపాడింది కూడా. మనల్ని ఆసుపత్రిలో పడేసేది మిగతా సగం. కింద చెప్పిన జాగ్రత్తల్లో ఎక్కువ భాగం దాని గురించే.

జబ్బు తెచ్చేవాటిని మూడుగా విడదీసి చూడాలి. మొదటిది బతికున్న సూక్ష్మజీవి. సాల్మొనెల్లా, ఈ.కోలై, కలరా క్రిమి ఈ కోవకు చెందినవే. కూర బాగా ఉడికితే, నీళ్లు తెర్లితే ఇవి చచ్చిపోతాయి. రెండోది స్పోరు. కొన్ని రకాల బాక్టీరియా తిండి దొరకనప్పుడు తమ డీఎన్ఏ చుట్టూ గట్టి పొరలు కట్టుకుని, లోపలి నీటిని చాలావరకు వదిలించుకుని, ఎండు విత్తనంలా ఏళ్ల తరబడి పడి ఉంటాయి. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లను మరిగించినా అందులో బాక్టీరియా మళ్లీ ఎందుకు పుట్టుకొస్తోందో 1870ల్లో బ్రెస్లావ్ నగరంలో ఫెర్డినాండ్ కోన్ వెదికాడు. సూక్ష్మదర్శిని కింద ఆయనకు కనిపించినవి ఈ స్పోర్లే. మూడోది విషం. సూక్ష్మజీవి బతికున్నప్పుడు ఆహారంలోకి వదిలినది. సూక్ష్మజీవి చచ్చినా అది వదిలిన విషం గిన్నెలోనే ఉంటుంది. కొన్ని విషాలు వేడికి విరిగిపోతాయి. కొన్నింటిని మన పొయ్యి వేడి ఏమీ చేయలేదు.

కాబట్టి మూత తీసి వాసన చూసి “బాగానే ఉంది” అని తేల్చేయకండి. ఈ విషాల్లో చాలావాటికి రంగూ రుచీ వాసనా ఏవీ ఉండవు. ఎప్పుడు వండారు, ఎంతసేపు బయట ఉంది, ఎవరి చేతులు పడ్డాయి, ఈ మూడూ అడగండి.

అన్నం దించాక గడియారం చూడండి

బియ్యపు గింజల మీద బాసిల్లస్ సీరియస్ అనే మట్టి బాక్టీరియా స్పోర్లు మామూలుగానే ఉంటాయి. కడిగితే కొన్ని పోతాయి. మిగిలినవి అన్నం ఉడికినా చావవు, పైగా ఆ వేడికే మేలుకుంటాయి. అన్నం చల్లారి గోరువెచ్చన అయ్యేసరికి వాటికి తడి, పిండిపదార్థం, వెచ్చదనం అన్నీ అందుబాటులో ఉంటాయి. పోటీకి రావాల్సిన మిగతా బాక్టీరియా ఉడుకుతున్నప్పుడే చచ్చిపోయి ఉంటుంది. ఇక అడ్డేముంది? 1970ల మొదట్లో బ్రిటన్‌లో చైనీస్ రెస్టారెంట్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు కొద్ది గంటల్లోనే వాంతులతో పడిపోతుంటే ఆరా తీసిన సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు ఈ గుట్టు పట్టుకున్నారు. అక్కడ అన్నం ముందే పెద్ద మొత్తంలో వండి బయట ఉంచేవారు. ఎవరైనా అడిగినప్పుడు కొంత తీసి వేయించి వడ్డించేవారు.

సలసల కాగే నూనెలో వేయించినా విషం పోకపోవడానికి కారణం దాని నిర్మాణమే. ఈ బాక్టీరియా వదిలే సెరులైడ్ వలయాకారంలో ఉండే చిన్న అణువు. 121 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర గంటన్నర ఉంచినా చెక్కు చెదరదు. కడుపులోని ఆమ్లం కూడా దాన్ని విరగ్గొట్టలేదు. ప్రయోగశాలలో పెంచిన మనిషి కణాల మీద దీన్ని వేసినప్పుడు కణాల నిండా బుడగలు కనిపించాయి. అవి ఉబ్బిపోయిన మైటోకాండ్రియా అని తర్వాత తేలింది. సెరులైడ్ పొటాషియం అయాన్లను మైటోకాండ్రియాలోకి మోసుకుపోతుంది. దాంతో కణానికి శక్తి తయారుచేసే పని అక్కడే ఆగిపోతుంది. చాలామందికి ఇది ఒక పూట వాంతులతో తగ్గిపోతుంది. కానీ స్విట్జర్లాండ్‌లో 17 ఏళ్ల కుర్రవాడు కొన్ని రోజుల కిందట చేసి ఉంచిన పెస్టో సాసుతో స్పగెట్టీ తిని, కాలేయం పూర్తిగా దెబ్బతిని చనిపోయిన ఉదంతం 1997లో వైద్య పత్రికలో వచ్చింది. కాలేయ కణాల్లో మైటోకాండ్రియా ఎక్కువ. అందుకే దెబ్బ అక్కడ గట్టిగా తగిలింది.

చేయవలసింది ఇది. మిగులుతుందనుకున్న అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి ఆవిరి పోనిచ్చి గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లటి దేశాల్లో రెండు గంటల గడువు చెబుతారు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే అది గంటే. మన వేసవిలో రాత్రి పూట కూడా కొన్ని ఊళ్లలో అంత వేడి ఉంటుంది. మర్నాటికల్లా తినేయండి. తినేముందు పొగలు వచ్చేదాకా వేడిచేయండి, అదీ ఒక్కసారే. పెద్ద డేగిసాను అలాగే ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టకండి. పైన చల్లగా తగులుతుంది గాని నడిమి అన్నం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. పెళ్లి భోజనాల్లో, అన్నదానాల్లో గుట్టగా పోసిన అన్నం విషయంలోనూ ఇదే ప్రమాదం. వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచగలిగితే ఉంచండి, లేదంటే విడతలు విడతలుగా వండించండి. ఖర్చు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి.

మరి చద్దన్నం మాటేమిటి అని ఎవరైనా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అన్నంలో మజ్జిగో పెరుగో కలిపి రాత్రంతా ఉంచినప్పుడు లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా పెరిగి పులుపెక్కిస్తుంది. పీహెచ్ 4.5 కిందికి దిగితే బాసిల్లస్ సీరియస్ పెరగడం దాదాపు ఆగిపోతుంది. మన పెద్దవాళ్ల పద్ధతి శాస్త్రానికి నిలిచేదే, కాకపోతే ఒక షరతు మీద. అన్నం చల్లారీ చల్లారగానే పుల్ల మజ్జిగ పోయాలి. మధ్యాహ్నం నుంచి రాత్రి పదింటిదాకా బయట పడున్న అన్నాన్ని తీసుకొచ్చి చద్ది పెట్టకండి. విషం అప్పటికే తయారై ఉంటే పులుపు దాన్ని తీసేయలేదు. పులిహోర ప్రయాణాలకు పనికొచ్చేది కూడా చింతపండు పులుపు వల్లే. అదే పెట్టెలో సర్దిన కొబ్బరన్నానికి ఆ రక్షణ లేదు.

కోవా, పన్నీరు, వేలి మీది పుండు

1914లో ఫిలిప్పీన్స్‌లో పనిచేస్తున్న బార్బర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పశువుల క్షేత్రానికి వెళ్లినప్పుడల్లా అక్కడి పాలు తాగి వాంతులు చేసుకునేవాడు. పొదుగు వాచిన ఆవు పాలలోని స్టెఫిలోకాకస్ దీనికి కారణమని, నిలవ ఉన్న పాలలో అది విషం తయారుచేస్తోందని ఆయన తేల్చాడు. ఇదే బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న చాలామంది ముక్కులో ఉంటుంది. చేతి మీద చీము పట్టిన పుండులో మరీ ఎక్కువ. ఇది ఉప్పునూ తట్టుకుంటుంది, తీపినీ తట్టుకుంటుంది. దీని విషం అరగంట మరిగినా పోదు.

వేలికి పుండుంటే కోవా కలపకండి, క్రీము పూయకండి, చికెన్ ముక్కలు చేత్తో విడదీయకండి. తప్పదంటే వాటర్‌ప్రూఫ్ పట్టీ వేసి, దాని మీద గ్లోవ్ తొడుక్కోండి. వంట చేస్తూ ముక్కు తుడుచుకున్న చేతిని సబ్బుతో కడగండి. పాలకోవా, పన్నీరు, క్రీము కేకులు కొనేటప్పుడు అవి ఫ్రిజ్‌లోంచి తీస్తున్నారా, అద్దాల బీరువాలోంచి తీస్తున్నారా చూడండి. మన మిఠాయి దుకాణాల్లో మెరుపు కాగితాల మీద ఉన్న శ్రద్ధ చల్లదనం మీద లేదు. అడిగేవాళ్లు పెరిగితేనే అది మారుతుంది.

బూజు పట్టిన పల్లీలు

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరసగా చచ్చిపోయాయి. ఏమిటో తెలియక దానికి ‘టర్కీ ఎక్స్ జబ్బు’ అని పేరు పెట్టారు. చివరికి బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్క దాణాలో దొరికింది కారణం: ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేసే అఫ్లటాక్సిన్. 1974లో మన దేశంలోనే, రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన పల్లెల్లో, కోతల వేళ వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా కామెర్లతో, కడుపు ఉబ్బి చనిపోయారు. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలకూ అదే జబ్బు చేసింది. దీన్ని పరిశోధించి లోకానికి చెప్పింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు. ఆ పని గురించి మన స్కూలు పుస్తకాల్లో ఒక పేజీ ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అలా ఒక్కసారిగా ప్రాణం తీసే మోతాదు అరుదు. ఎక్కువమందికి జరిగేది నెమ్మదిగా జరిగేది. అఫ్లటాక్సిన్‌ను వదిలించుకోబోయి కాలేయంలోని ఎంజైములే దాన్ని మరింత చురుకైన రూపంలోకి మారుస్తాయి. ఆ రూపం డీఎన్ఏలోని గ్వానిన్‌కు అతుక్కుంటుంది. కణం అదుపు తప్పకుండా చూసే పీ53 అనే జన్యువులో 249వ స్థానం దగ్గర ఒకే ఒక అక్షరం మారుతుంది. చైనాలోను, ఆఫ్రికా దక్షిణ ప్రాంతాల్లోను కాలేయ క్యాన్సర్ రోగుల కణితుల్లో అదే స్థానంలో అదే మార్పును 1991లో రెండు పరిశోధక బృందాలు కనుగొన్నాయి. తిన్న బూజు గుర్తు జన్యువులో మిగిలిపోయిందన్నమాట. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాబట్టి పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయించడం కూడా ఆహార భద్రతలో భాగమే.

అఫ్లటాక్సిన్ పోవాలంటే 200 డిగ్రీలకు చాలా పైన వేడి కావాలి. వేయిస్తే కొంత తగ్గవచ్చు గాని పోదు. కాబట్టి పల్లీల్లో ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పచ్చగా ఆకుపచ్చగా బూజు కనిపించినవి, నాలిక్కి చేదు తగిలినవి ఏరి పారేయండి. ఈ ఏరివేత ఒక్కటే ఇంట్లో మన చేతిలో ఉన్న మంచి ఉపాయం, ఎందుకంటే విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు, కొన్ని చెడ్డ గింజల్లోనే పోగుపడి ఉంటుంది. చెడ్డవాటిని చట్నీకి, చిక్కీకి, పల్లీ పొడికి సర్దేయకండి. పొడి కొట్టాక ఏరడం కుదరదు.

రైతు ఇళ్లలో మరికొన్ని జాగ్రత్తలు కావాలి. అనంతపురం లాంటి మెట్ట ప్రాంతాల్లో కాయ ఊరే చివరి రోజుల్లో వాన ముఖం చాటేస్తే, భూమిలో ఉండగానే కాయలోకి బూజు చేరుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దీనిమీద దశాబ్దాలుగా పనిచేసి, తక్కువ ఖర్చుతో విషాన్ని పట్టే ఎలీసా పరీక్షను తయారుచేసింది. కాయలు పీకాక బాగా ఎండనివ్వండి, గింజలో తేమ 8 శాతానికి మించకూడదు. ఒలవడానికి సులువని కాయల మీద నీళ్లు చల్లకండి. గచ్చు మీద నేరుగా బస్తాలు పేర్చకండి, కింద చెక్కలు వేయండి. పాడైన పల్లీలను, చెక్కను గేదెలకు పెట్టకండి. అఫ్లటాక్సిన్ పాలలోకి వేరే రూపంలో దిగుతుంది, పాలు కాచినా ఉంటుంది. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అనుమతించే మోతాదు కిలో పాలకు 0.5 మైక్రోగ్రాములు మాత్రమే. గానుగ నూనె ఇష్టపడేవాళ్లకూ ఒక మాట. విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగిలినా, శుద్ధి చేయని నూనెలోకి కొంత దిగుతుంది. ‘నూనెకే కదా’ అని తక్కువ రకం గింజలు గానుగకు వేయించకండి.

ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి

పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాయడం చాలా ఇళ్లలో వేడుక. బిడ్డకు దగ్గు చేసినా తేనెలో ఏదో రంగరించి నాకిస్తారు. ఇది ప్రేమతోనే చేస్తారు. అయినా మానుకోవాలి.

తేనెలో క్లాస్ట్రిడియం బాట్యులినం స్పోర్లు ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అప్పటికే స్థిరపడిన సూక్ష్మజీవులు వాటిని మొలవనివ్వవు. నెలల బిడ్డ పేగులో ఆ కాపలా ఇంకా తయారు కాదు. అక్కడ స్పోర్లు మొలిచి విషం తయారుచేస్తాయి. ఇలా పసిపిల్లలకు వచ్చే జబ్బును 1976లో కాలిఫోర్నియాలో గుర్తించారు. నాడి చివర కండరానికి సంకేతం అందించే రసాయనం చిన్న చిన్న సంచుల్లో ఉంటుంది. ఆ సంచి కణపు పొరతో కలిసిపోతేనే రసాయనం బయటికి వస్తుంది. ఆ కలయికను జరిపించే ప్రొటీన్లను ఈ విషం సరిగ్గా కత్తిరించేస్తుంది. కణంలో సంచులు ఎలా ప్రయాణిస్తాయో, ఎక్కడ ఎలా కలుస్తాయో కనుగొన్నందుకు 2013లో రోత్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్‌లకు నోబెల్ వచ్చింది. ఆ ప్రొటీన్లు ఎంత ముఖ్యమో చూపించినవాటిలో ఈ విషం కూడా ఒకటి.

తేనెను కాచి ఇస్తే సరిపోతుందా అంటే సరిపోదు. ఈ స్పోర్లు చావాలంటే 121 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు కావాలి, అది ఒత్తిడిలోనే సాధ్యం. ‘మా పొలంలో తీసిన స్వచ్ఛమైన తేనె’ అన్నా ఒకటే, స్పోర్లు వచ్చేది కల్తీ వల్ల కాదు, మట్టి నుంచి. వేడుక జరగాలంటే తల్లి పాల చుక్కతో జరిపించండి. అత్తగారో అమ్మమ్మగారో నొచ్చుకుంటారనుకుంటే పిల్లల డాక్టరు చేత చెప్పించండి. నెలల బిడ్డకు మలబద్ధకం వచ్చి, ఏడుపు సన్నబడి, పాలు గుంజలేక, కనురెప్పలు వాలి, మెడ నిలపలేకపోతుంటే ఆలస్యం చేయకండి. తేనె పెట్టారా లేదా అన్నది డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఇదే బాక్టీరియా వల్ల ఇంకో జాగ్రత్త కూడా ఉంది. వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేసి రోజుల తరబడి బయట ఉంచకండి. నూనె కింద గాలి ఆడదు, దానికి కావలసింది అదే. ఆవకాయకు ఈ భయం లేదు, మామిడి పులుపూ ఉప్పూ కలిసి దాన్ని కాపాడతాయి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూరలను సీసాల్లో బంధించి నిలవ చేయాలనుకుంటే మామూలు ప్రెషర్ కుక్కర్‌ను నమ్ముకోకండి. దానికి ప్రత్యేకమైన క్యానర్ ఉంటుంది.

కోడి, గుడ్డు

ఇక్కడ వేడి మన పక్షమే. బాగా ఉడికిన కోడికూరలో సాల్మొనెల్లా గాని కాంపైలోబాక్టర్ గాని బతకదు. ప్రమాదం పొయ్యి ఎక్కేముందే ఉంది. పచ్చి చికెన్‌ను కుళాయి కింద కడగకండి. చిందిన నీటి తుంపర్లు పక్కనున్న కొత్తిమీర మీదా, గ్లాసుల మీదా పడతాయి. కడగకుండా మనసొప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, ఆ నీళ్లు జాగ్రత్తగా పారబోసి, సింకును సబ్బుతో రుద్దండి. పసుపు, ఉప్పు రాస్తే క్రిములు పోతాయనుకోకండి. మాంసం కోసిన కత్తిపీట మీద కడగకుండా ఉల్లిపాయలు తరగకండి.

కాంపైలోబాక్టర్‌ను చిన్న విరేచనాల జబ్బుగా కొట్టిపారేయలేం. దాని పైపొరలోని కొన్ని అణువులు మన నాడీ కణాల మీది గాంగ్లియోసైడ్లను పోలి ఉంటాయి. క్రిమి మీదికి దూకిన మన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున నాడుల మీద పడుతుంది. గిలియన్-బారే జబ్బు, అంటే కాళ్ల నుంచి మొదలై పైకి పాకే పక్షవాతం, వచ్చే దారుల్లో ఇదొకటి. 2025 జనవరిలో పుణెలో ఆ జబ్బు ప్రబలినప్పుడు కొందరి నమూనాల్లో ఈ బాక్టీరియా దొరికింది.

పచ్చి గుడ్డుతో చేసిన మాయొనీజ్ తినకండి. మోమోల పక్కనా, మండీ పళ్లెంలోనూ వచ్చే తెల్లటి గిన్నె అదే. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. నిషేధం గడువుతో జాగ్రత్త గడువు తీరదు.

ఫ్రిజ్‌లో పెరిగేది కూడా ఉంది

లిస్టీరియా నాలుగు డిగ్రీల చలిలోనూ మెల్లగా పెరుగుతుంది. అది మన కణంలోకి దూరి, కణంలోని ఆక్టిన్ ప్రొటీన్‌ను తన వెనక తోకలా పేర్చుకుని, ఆ తోపుతో పక్క కణంలోకి వెళ్తుంది. 1989లో టిల్నీ, పోర్ట్‌నాయ్ దీన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపించారు. కణం బయటికి రాకుండానే పాకుతుంది కాబట్టి రక్తంలోని యాంటీబాడీలకు అది అందదు. మాయను కూడా దాటి గర్భంలోని శిశువును చేరగలుగుతుంది. దక్షిణాఫ్రికాలో 2017-18లో పోలనీ అనే మాంసపు సాసేజ్ ద్వారా వెయ్యి మందికి పైగా దీని బారిన పడ్డారు, రెండు వందల మందికి పైగా చనిపోయారు.

గర్భిణులైతే కాచని పాలు తాగకండి, వాటితో చేసిన మెత్తటి చీజ్, ప్యాకెట్‌లోని చల్లటి మాంసం ముక్కలు తినకండి. తినాలనిపిస్తే పొగలు వచ్చేదాకా వేడిచేసుకోండి. తల్లికి జ్వరం, ఒళ్లు నొప్పులు తప్ప ఏమీ ఉండకపోవచ్చు, దెబ్బ బిడ్డకు తగులుతుంది. ఫ్రిజ్‌ను వారం వారం శుభ్రం చేయండి. వండిన గిన్నెలు పై అరలో, పచ్చి మాంసం మూత పెట్టి కింది అరలో ఉంచండి.

విరేచనాలు పట్టుకున్నాక

ఎన్ని జాగ్రత్తలు పడ్డా ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లో ఎవరికో ఒకరికి విరేచనాలు అవుతాయి. అప్పుడు చేయవలసిన పనిని నేర్పింది కలరా మీద జరిగిన పరిశోధన. 1884లో కలకత్తాలో కలరా క్రిమిని అధ్యయనం చేసిన రాబర్ట్ కాక్ అది ఏదో విషం వదులుతోందని ఊహించాడు. డెబ్బై అయిదేళ్ల తర్వాత, 1959లో, అదే నగరంలో శంభునాథ్ డే దాన్ని రుజువు చేశాడు. క్రిములను వడకట్టి తీసేసిన ద్రవాన్ని కుందేలు పేగులో రెండు ముడుల మధ్య ఎక్కిస్తే పేగు నీళ్లతో నిండిపోయింది. సామాన్యమైన పరికరాలతో చేసిన గొప్ప ప్రయోగం అది. బతికుండగా ఆయనకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

ఆ విషం పేగు కణంలో ఒక ప్రొటీన్‌ను ఆపలేని స్థితిలో నిలిపేస్తుంది. క్లోరైడ్ బయటికి పారుతుంది, దాని వెంట ఉప్పూ నీళ్లూ గంటకు లీటరు దాకా పోవచ్చు. కానీ కణానికి ఇంకొక దారి ఉంది. గ్లూకోజు, సోడియం రెండూ కలిసి లోపలికి వచ్చే ద్వారం అది. 1960లో ప్రాగ్‌లో రాబర్ట్ క్రేన్ దీన్ని ప్రకటించాడు. కలరాలో కూడా ఈ ద్వారం చెడదు. చక్కెర, ఉప్పు సరైన పాళ్లలో అందితే అవి లోపలికి వెళ్తూ నీటిని వెంట తీసుకెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బన్‌గావ్‌లో, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లను డ్రమ్ముల్లో కలిపి తాగించాడు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడ్డాయి.

ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. లీటరు అని ఉంటే కాచి చల్లార్చిన లీటరు నీళ్లు, గ్లాసుకు చిటికెడు కాదు. నీళ్లు తగ్గిస్తే ఉప్పు ఎక్కువై పసిబిడ్డకు ప్రమాదం. రుచికి ఇంకాస్త చక్కెర వేయకండి. మిగులు చక్కెర పేగులో ఉండి నీటిని తనవైపు లాగి విరేచనాలు పెంచుతుంది. కూల్‌డ్రింకులూ, ప్యాకెట్ పళ్లరసాలూ వద్దనేది ఇందుకే. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని వచ్చిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు లేని పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. కొనేముందు ప్యాకెట్ మీద ‘డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా’ అని ఉందో లేదో చదవండి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లలో చదునుగా ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు. ఉప్పు వేసిన పలచటి గంజి కూడా మంచిదే, దానిలోని పిండి పేగులో గ్లూకోజుగా మారుతుంది. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మళ్లీ మొదలుపెట్టండి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు డాక్టరు చెప్పినట్టు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 10 నుంచి 14 రోజులు ఇవ్వండి.

మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ వేసుకోకండి. నీళ్ల విరేచనాల్లో చాలావాటికి అది అక్కర్లేదు. రక్తం పడుతుంటే మరీ జాగ్రత్త. ఈ.కోలై ఓ157 రకంలో షిగా టాక్సిన్ జన్యువు నిజానికి బాక్టీరియా సొంతం కాదు, దానిలో దాగిన వైరస్‌ది. కొన్ని యాంటీబయాటిక్‌లు ఆ వైరస్‌ను రేపి విషాన్ని ఇంకా ఎక్కువ తయారుచేయిస్తాయి. ఆ విషం కిడ్నీ రక్తనాళాల కణాల మీద ఉన్న ఒక కొవ్వు అణువును పట్టుకుని లోపలికి వెళ్లి, ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది. పశువుల పేగు రక్తనాళాల్లో ఆ అణువు లేదు కాబట్టి అవి జబ్బు పడకుండానే ఈ క్రిమిని మోస్తాయి. రక్త విరేచనాలకు విరేచనాలు కట్టే మాత్రలు కూడా వేసుకోకండి, విషం పేగులో నిలిచిపోతుంది. జీవాణువుల పరీక్ష చేసి డాక్టరు చెప్పిన మందే వాడండి, ఎందుకంటే షిగెల్లా వల్ల వచ్చే రక్త విరేచనాలకు యాంటీబయాటిక్ అవసరమే.

ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, చర్మం చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా ఇంట్లో ఉండకండి. దారిలో కూడా ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి. ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో, మొదటి వాంతి ఎన్నింటికి అయిందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలైతే తయారైపోయిన విషాన్ని అనుమానిస్తారు, ఒక రోజు తర్వాత జ్వరంతో వస్తే బతికున్న క్రిమిని. అదే తిన్న మిగతావాళ్ల సంగతీ కనుక్కోండి. మిగిలిన పదార్థం ఉంటే పారేయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో వేరే ఉంచి, దాని మీద ‘తినవద్దు’ అని రాసి, పరీక్షకు అడిగితే ఇవ్వండి.